యాభయ్యొక్క కిలోలు

రిగ్గు మాల్రెడ్డి మాటిచ్చి పొయ్యిండు:
"ఆర్నెల్ల ఖర్చు నాది.
పోరన్ని ఏ దేశం తోలాల్నో నువ్వే చెప్పు సారూ,
ఐతారం లోపల చెప్పు."

నేను సారును కాదు.
దేవరకొండ బస్టాండెనక
మోటార్లకు వైండింగు చేసేటోన్ని.
పదేండ్లు పటాలంల ఉండి
నాలుగు పతకాలు, ఒక వంకర ముక్కు తెచ్చుకున్నోన్ని.
షాపెనక రేకుల షెడ్డుల
లారీ ట్యూబు నిండ ఇసుక, గుడ్డపేలికలు కూరి
దూలానికి ఏలాడదీసిన.
దాన్ని గుద్దెటందుకు పదారుగురొచ్చిండ్రు.
మిగిలినోడు జాంగీరు.

శనివారం రాత్రి
చెల్లె సాంఘికశాస్త్రం పుస్తకంలకెల్లి
ప్రపంచపటం చింపుకొచ్చిండు.
ఆ పిల్ల ఏడ్చిందట, ఐస్‌క్రీముకు ఒప్పుకుందట.
కాలిన ఆర్మేచరు ఒక మూలకు
స్క్రూడ్రైవరు ఒక మూలకు పెట్టి
బల్ల మీద పరిస్తే
మా దేవరకొండ యాడుందో
ఇద్దరికి దొర్కలె.

ముందుగాల క్యూబా అన్న.
మా ఉస్తాదు ఆ పేరు చెప్పాల్నంటే
బీడీ ఆర్పి చెప్పేటోడు.
ఆడ ఏడాది దాంక చేతులెత్తనియ్యరట,
కాళ్లకే సదువు చెప్తరట.
జాంగీరు జానతోని కొలిచిండు.
జాన సాల్లే.

కజకిస్తాన్ల చలి. గుర్రం కూర పెడ్తరట అన్న.
"మంచిగుంటదా?" అన్నడు.
యాభయ్యొక్క కిలోల్ల ఉండెటందుకు
మూడొద్దుల సంది సగం రొట్టెనే తింటున్నడు.
వాని కండ్లల్ల గుర్రం ఉరికింది.

థాయిలాండు సస్తానే,
ఆడ మోకాళ్లతోని గూడ పొడుస్తరు.
వద్దు. నీకు బడిల ఉన్నప్పటి సంది
ఆ బుద్ధి ఉండనే ఉంది.

ఐర్లాండు.
ఏడాదంత వాన పడ్తదట.
ఇద్దరం కొద్దిసేపు మాట్లాడలె.

పైకి ఏం లెక్కలు చెప్పినా
లోపల నేనడుగుతున్నది ఒక్కటే:
ఆడి నీళ్లెట్లుంటయి?

నా ఎడమ మోచెయ్యి సాపుగ రాదు.
చిన్నప్పటి సంది తాగిన బోరునీళ్లు
ఎముకల్ల సున్నమై కూసున్నయి.
ఇరవై ఆరో ఏట, ఢిల్లీల,
నేనేసిన జాబ్ అవతలోని గదుమకు
బెత్తెడు దూరంల ఆగింది.
రెఫరీకి తెల్వలె. ఉస్తాదుకు తెల్వలె.
రాత్రి బారకులో గోడకు ఆనిచ్చి
నేనే కొలుసుకున్న.

జాంగీరు కృష్ణనీళ్లు నల్లాలకొచ్చినంక పెరిగినోడు.
వాడు చెయ్యి సాపితే సాపినంత దూరం పోతది.

బత్తాయి తోటల పని ఇడిసి
సద్దిగిన్నె పట్టుకొచ్చింది ఈదమ్మ.
పటాన్ని ఎగాదిగ చూసి
"ముక్కు పగిల్తె ఆడ తలకాయ ఎవ్వలు పట్టుకుంటరు?" అన్నది.
ఏ రంగు దేశంల గూడ
దానికి జవాబు రాసిలేదు.

చేతికట్లు ఇప్పుకుంట అప్పుడన్నడు వాడు:
"సార్, ఈడ నన్ను కొట్టెటోడు లేడు.
పోయిన్నెల నల్లగొండల ముగ్గుర్ని కొట్టిన,
ఒక్కడు గూడ నాకేం నేర్పలె.
నన్ను సక్కగ కొట్టె దేశం యాడుందో సూడు."

ఈదమ్మ కొడుకు దిక్కు సూసింది.
రొట్టె తుంచలే,
నిండు రొట్టె చేతుల పెట్టింది.

నాకు యాదికొచ్చింది.
ఢిల్లీల నన్ను కిందేసినోడు తాష్కెంటోడు.
లేపి, భుజం తట్టి,
పోతపోత ఆగి
నా ఎడమ మోచెయ్యిని
బొటనేలుతోని ఒక్కసారి ఒత్తి చూసిండు.
వానికొక్కనికే తెల్సింది.
వాని పేరు గూడ నాకు నోరు తిరగది.

పెన్సిలు తీసి సున్న చుట్టిన.

పొద్దున ఫోను చేస్తే
అటుదిక్కు రిగ్గు ఒర్రుతుంది.
ఉజ్బెకిస్తాన్ అన్న.
"ఏం తాన్?"
మళ్లొకసారి చెప్పిన.
"ఆడ బోర్లు పడ్తయా?"
తెల్వదు, దెబ్బలైతే పడ్తయన్న.

"ఎన్ని ఫీట్లకు?" అన్నడు మాల్రెడ్డి,
అలవాటు కొద్ది.